మా పాత వ్యాను పద్దు

పాలు, కూరలు, పిల్లల ఫీజులు, పండక్కి చీరలు, అన్నిటికీ లెక్క రాసే ఆడవాళ్ళం కారు సంగతి వచ్చేసరికి మాత్రం "అది ఆయన చూసుకుంటారులే" అనేస్తాం. అమెరికా వచ్చిన కొత్తలోనే నాకు ఒకటి అర్థమైంది. ఇక్కడ కారు కూడా వంటింటి సామాను లాంటిదే. పొయ్యి పాడైతే ఒక పూట బ్రెడ్డు తిని గడిపేయచ్చు. బండి కదలకపోతే పాలు రావు, పిల్లాడు ఈతకి వెళ్ళడు, పంటి డాక్టరు అపాయింట్‌మెంటు పోతుంది. రోజంతా ఆ బండి నడిపేది నేనే కాబట్టి దాని పద్దు కూడా నేనే రాస్తున్నాను. ఈ ఆగస్టుకి పదకొండేళ్ళు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మా వ్యాను ట్రాన్స్‌మిషన్ పోతోందన్నారు. బాగు చేయడానికి 4,200 డాలర్లట. బండిని ఉన్నదున్నట్టు అమ్మితే అంత కూడా రాదు. ఆగస్టులో మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాలి. మావారి ఆఫీసులో అప్పటికే రెండుసార్లు మనుషుల్ని తీసేశారు. బాగు చేయించాలా, అమ్మేసి కొత్తది కొనాలా అని మా ఇంట్లో పది రోజులు పెద్ద చర్చే నడిచింది. అది ఎలా తేలిందో చెప్తాను. దానికంటే ముందు, పాత మినీవ్యానుల్లో ఏవేవి పాడవుతాయో, ఎంతెంత అవుతుందో నా పుస్తకంలోంచే చెప్తాను. మీలో చాలామంది ఇళ్ళ ముందు పదేళ్ళు దాటిన బండి నిలబడి ఉందని నాకు తెలుసు.

మేముండేది ఒహైయోలో, కొలంబస్ ఊరి బయట. మా వ్యాను 2011 మోడలు. 2014 ఆగస్టులో, చిన్నాడు కడుపులో ఏడో నెల, 41,000 మైళ్ళు తిరిగిన బండిని 19,500 డాలర్లకి కొన్నాం. అత్తగారూ మామగారూ పురిటికి వస్తున్నారు. అమ్మాయికి ఏడేళ్ళు. ఇంతమంది పట్టే బండి, పెద్దవాళ్ళు కాలు ఎత్తి ఎక్కనక్కర్లేని బండి కావాలి. మినీవ్యాను పుట్టిందే అందుకు. 1983 చివర్లో క్రైస్లర్ కంపెనీ ఇక్కడ మొదటి మినీవ్యానులు తెచ్చినప్పుడు, ఇంటి గరాజులో పట్టేంత ఎత్తు, కారంత సులువుగా నడవడం, చదునైన నేల, పక్కకి జరిగే తలుపు, ఇవే దాని గొప్పలు. మన దేశంలో మారుతీ వ్యాను వచ్చింది 1984లో. అంటే ఈ వ్యానులూ నేనూ ఇంచుమించు ఒక ఈడు వాళ్ళం. మోకాళ్ళ నొప్పులు మాత్రం వాటికే ముందొచ్చాయి.

పద్దు రాసే అలవాటు మా నాన్నగారిది. తెనాలిలో ఆయన స్కూటరుకి పెట్రోలు పోయించిన ప్రతిసారీ చిన్న డైరీలో తేదీ, కిలోమీటర్లు, రూపాయలు రాసేవారు. నేనూ అంతే. తేదీ, మైళ్ళు, ఏం చేశారు, ఎంత తీసుకున్నారు. దానికి నేను ఒక్కటే కలిపాను. ప్రతి మరమ్మతు పక్కనా మూడు మాటల్లో ఒకటి రాస్తాను: ఆగనిది, ఆగేది, లేకపోయినా గడిచేది. మెకానిక్ ఇచ్చే ఎస్టిమేట్ కాగితంలో అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. బ్రేకులూ, వెనక ఏసీ ఒకే వరసలో కూర్చుంటాయి. వాటిని విడదీయడం మన పని. నెలాఖరులో ఏ డబ్బాలో పప్పు ముందు తెప్పించాలో తెలిసిన మనకి ఇది పెద్ద విద్యేం కాదు.

ముందు ఆగనివి. అంటే ప్రాణం మీదకి వచ్చేవి, ఆపితే ఇంకా పెద్ద ఖర్చు తెచ్చేవి.

వ్యాను బరువైన బండి. ఏడుగురు ఎక్కితే ఇంకా బరువు. అందుకని బ్రేకు ప్యాడ్లు, రోటార్లు చిన్న కార్లకంటే త్వరగా అరుగుతాయి. బ్రేకు నొక్కగానే కీచుమంటే ప్యాడ్లు అయిపోవచ్చాయని. వేగంలో నొక్కితే స్టీరింగు వణికితే రోటార్లు సమంగా లేవని. మా దగ్గర మామూలు గరాజులో ముందు వైపో, వెనక వైపో, ఒక వైపు జత చక్రాలకి ప్యాడ్లూ రోటార్లూ కలిపి మూడు వందల నుంచి అయిదు వందల డాలర్లు అవుతోంది. పదకొండేళ్ళలో నేను బ్రేకుల కిందే 1,900 రాశాను. టైర్లు మూడు సెట్లు మార్చాం. 640తో మొదలైన సెట్టు ఈసారి 780 అయింది.

రెండోది టైమింగ్ బెల్టు. అన్ని బండ్లలో ఇది ఉండదు, కొన్నిట్లో దాని బదులు గొలుసు ఉంటుంది. మీ బండి పుస్తకంలో చూసుకోండి. ఇది ఇంజను లోపల ఉండే రబ్బరు బెల్టు. పైన తెరుచుకుని మూసుకునే వాల్వులకీ, కింద ఎగిరిపడే పిస్టన్లకీ తాళం తప్పకుండా చూస్తుంది. మా బండి లాంటి ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకి కొట్టుకుంటాయి. అప్పుడిక బెల్టు ఖర్చు కాదు, ఇంజను ఖర్చు. మా బండికి సుమారు లక్ష మైళ్ళకి మార్చాలని ఉంది. 2019లో 104,000 మైళ్ళ దగ్గర మార్పించాం. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది, దాన్ని చేరుకోవడానికి మళ్ళీ అన్నీ విప్పాలి, కాబట్టి రెండూ ఒకేసారి మార్చడం లాభం. ఆ రోజే ట్రాన్స్‌మిషన్ ఆయిలు కూడా మార్చారు. అన్నీ కలిపి 1,270. ఆ చివరి చిన్న సంగతి పుస్తకంలో రాసి ఉండడం తర్వాత ఎంత పనికొచ్చిందో చూస్తారు.

మూడోది చక్రాల బేరింగులు. ఇది చెవితో పట్టుకోవాలి. నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. గణాలు విడదీయడం వచ్చుగానీ గేరు బాక్సు విడదీయడం రాదు. కానీ పద్యంలో గణం తప్పితే చెవికి ఎలా తెలుస్తుందో, రోజూ నడిపే బండి చప్పుడు మారినా అలాగే తెలుస్తుంది. హైవే మీద దూరంగా విమానం పోతున్నట్టు ఒక హోరు, వేగం పెరిగే కొద్దీ పెరుగుతూ, కొంచెం మలుపు తిప్పగానే మారుతూ ఉంటే అది చాలావరకు బేరింగే. ఒక్కో దానికి మాకు 340, 390 అయ్యాయి. ఆపకూడదు.

బ్యాటరీ, ఆల్టర్నేటర్ సంగతి వేరు. అవి పోయాయంటే బండి ఎక్కడుంటే అక్కడే. బ్యాటరీ ఇక్కడి చలికి నాలుగైదేళ్ళు వస్తే గొప్ప. చాలా విడిభాగాల దుకాణాల్లో డబ్బు తీసుకోకుండా పరీక్ష చేస్తారు, నవంబరులోనే చేయించుకోండి. కొత్త బ్యాటరీ వేశాక కూడా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలుగుతుంటే అనుమానించాల్సింది ఆల్టర్నేటర్‌ని. మాకు 2023లో 620 అయింది.

ఇక ఆగేవి. అంటే చేయించాలి గానీ ఈ నెలే చేయించక్కర్లేదు.

స్పీడు బ్రేకరు మీద కటకట, గుంతలో పడితే ధబేలుమని శబ్దం వస్తే స్ట్రట్లు, వాటి చుట్టూ ఉండే లింకులు, రబ్బరు బుష్షులు అరిగాయన్నమాట. నాలుగు స్ట్రట్లకీ 2021లో 1,450 అయింది. ఆ ఏడాది రెండు ఎస్టిమేట్లు తీసుకుంటే మధ్య ఆరు వందల తేడా ఉంది. అయితే కటకటమనేది బాల్ జాయింటో, స్టీరింగుకి సంబంధించిన టై రాడ్డో అయితే అది ఆగేది కాదు, ఆగనిది. అందుకని "ఏది శబ్దం చేస్తోందో నాకు చూపించండి" అని అడగండి. బండి పైకెత్తి చూపించడానికి మంచి మెకానిక్ ఎవరూ విసుక్కోరు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటంతా వణుకుతుంటే ఇంజను మౌంట్లు చూపించాలి. ఇంజనుని చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిళ్ళలాంటివి అవి. మాకు 680.

చెక్ ఇంజన్ లైటు అంటే ఆడవాళ్ళందరికీ గుండె దడ. అది పసుపు రంగులో నిలకడగా వెలిగితే కంగారు పడక్కర్లేదు, త్వరలో చూపించాలి. గబగబా ఆరి వెలుగుతుంటే మాత్రం బండి పక్కకి తీసి ఆపాలి. ఇంజను సరిగా మండక, కాలని పెట్రోలు వెళ్ళి కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. ఆ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. బంగారం కొట్లో పేర్లు కదా, ధర కూడా అలాగే ఉంటుంది, వెయ్యికి పైమాటే. మా బండికి 2022లో ఈ లైటు వెలిగితే ఒక చోట కన్వర్టరే మార్చాలన్నారు. ఇంకో చోట ముందు ఆక్సిజన్ సెన్సరు, పొగ గొట్టంలో లీకు చూద్దామన్నారు. సెన్సరే. 260తో పోయింది. ఆ లైటు కోడు చెప్తుంది గానీ రోగం పేరు చెప్పదు. జ్వరం 102 అని చెప్పే థర్మామీటరు లాంటిది. ఎందుకొచ్చిందో డాక్టరే వెతకాలి.

లేకపోయినా గడిచేవి చివర. వీటిలో మొదటిది మన ముద్దుల తలుపే. బటన్ నొక్కితే జరిగే తలుపు పాత వ్యానులన్నిట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. పట్టాలో పిల్లల బిస్కట్ ముక్కలు, ఇసుక, చలికాలం మంచు చేరతాయి. చక్రాలు అరుగుతాయి, లాగే తీగ తెగుతుంది, మోటారు అలిసిపోతుంది. మొత్తం మార్చాలంటే వెయ్యి దాకా చెప్తారు. మేం రెండు విడతల్లో 620తో చక్రాలు, తీగ మార్పించి ఊరుకున్నాం. ఎడమ వైపు తలుపు మోటారు స్విచ్చి ఆపేసి చేత్తోనే తీస్తున్నాం. మా చిన్నాడి స్నేహితులు దాన్ని "మాన్యువల్ డోర్" అని వింతగా చూస్తారు. చేత్తో తీస్తే చేతులేం అరగవని చెప్పాను. కానీ ఒక్క సంగతి. తలుపు పూర్తిగా మూసుకుని గొళ్ళెం పడకపోతే అది ఈ లెక్కలోకి రాదు, వెంటనే చేయించాలి.

రెండోది వెనక ఏసీ. వ్యానులో వెనక కూర్చున్నవాళ్ళకి చల్లగాలి రావాలంటే ముందు నుంచి వెనక దాకా బండి అడుగున పొడవాటి అల్యూమినియం గొట్టాలు వెళ్ళాలి. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు గొట్టాలని తినేసి గ్యాసు కారిపోతుంది. అప్పుడు ముందు ఏసీ కూడా పనిచేయదు. గొట్టాలన్నీ మార్చాలంటే 1,300 అన్నారు. వెనక వైపు మూసేసి ముందు ఏసీ మాత్రం నిలబెట్టడానికి 380. ఒహైయోలో ఏసీ కావాల్సింది మూడు నెలలే కాబట్టి మూయించేశాం. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు ఈ పని చేయకండి, పిల్లలు ఉడికిపోతారు.

ఉప్పు అన్నాను కదా, చలి రాష్ట్రాల్లో పాత బండిని చివరికి చంపేది ఇంజను కాదు, తుప్పు. జనవరి నుంచి మార్చి దాకా మంచు కరిగిన ప్రతిసారీ అడుగు కూడా కడిగే కార్ వాష్‌కి వెళ్ళడం పది, పదిహేను డాలర్ల పని. పైకి కనిపించే తుప్పు చర్మం మీద మచ్చ లాంటిది. అడుగున చట్రానికి పట్టిన తుప్పు ఎముకకి పట్టిన రోగం. ఆయిలు మార్పించినప్పుడల్లా "అడుగున ఫ్రేము ఎలా ఉంది?" అని అడగండి. అది మెత్తబడిందన్నారంటే ఇక దేని మీదా డాలరు పెట్టద్దు.

అన్నట్టు, డబ్బు లేకుండా అయ్యే పని ఒకటుంది. బండికి 17 అక్షరాలూ అంకెలూ కలిసిన విన్ నంబరు ఉంటుంది, డ్రైవరు వైపు అద్దం కింద కనిపిస్తుంది. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో అది కొడితే, మీ బండికి భద్రత కోసం కంపెనీ వెనక్కి పిలిచిన రీకాల్ ఏమైనా మిగిలి ఉందేమో చూపిస్తుంది. బండి మొదటిసారి అమ్ముడై 15 ఏళ్ళు దాటకపోతే ఆ పని డీలరు ఉచితంగా చేయాలి. మీరు రెండో చేతి మీద కొన్నా సరే. ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఫిబ్రవరి సంగతి. 167,000 మైళ్ళ దగ్గర బండి వణకడం మొదలుపెట్టింది. నలభై, నలభై అయిదు మైళ్ళ వేగంలో కాలు తేలిగ్గా పెట్టి పోతుంటే, గులకరాళ్ళ మీద నడిపినట్టు గుర్రుమని ఒక్క రెండు క్షణాలు. కొంచెం గట్టిగా తొక్కితే పోతుంది. గరాజులో చూసి ట్రాన్స్‌మిషన్ పోతోంది, రీబిల్ట్ వేయాలి, 4,200 అన్నారు. ఇంజను శక్తిని చక్రాలకి చేర్చే గేర్ల పెట్టె అది. పాత వ్యానులో అన్నిటికంటే ఖరీదైన జబ్బు.

మావారు ఆ రాత్రే కొత్త వ్యానులు చూడడం మొదలుపెట్టారు. "నాలుగు వేలు కూడా చేయని బండికి నాలుగు వేల రెండొందలు పెడతామా?" అన్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. నేను పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఏవండీ, బండి ఎంత చేస్తుందని కాదు. బండి మనకి నెలకెంత అవుతోందని చూద్దాం" అన్నాను.

కూర్చుని కూడాం. మొదటి అయిదేళ్ళలో మరమ్మతులకి 1,820 డాలర్లు. అంటే నెలకి 30. తర్వాతి అయిదున్నరేళ్ళలో, బెల్టు, స్ట్రట్లు, ఆల్టర్నేటర్, టైర్లు అన్నీ కలిపి 9,150. అంటే నెలకి 139. బండి ముసలిదయ్యే కొద్దీ ఖర్చు పెరిగిందన్న మాట నిజం. మరి కొత్తదానికి? ఆయన చూసిన వ్యాను పన్నులతో 42,000. మా పాతదాని మీద వచ్చేది, చేతిలోది కలిపి 4,000 కట్టి, మిగతా 38,000 ఏడు శాతం వడ్డీకి అయిదేళ్ళు తీసుకుంటే నెలకి 752. ఇన్సూరెన్సు పెరిగేది వేరే. 4,200 పెట్టి గేర్ల పెట్టె మార్చినా, అది కొత్తదానికి ఆరు నెలల వాయిదాలంత కూడా కాదు.

ఆయన లెక్క ఒప్పుకున్నారు. కానీ ఆయన భయం లెక్క కాదు. "మంచులో హైవే మీద ఆగిపోతే? నువ్వూ, పిల్లాడూ. వేసవిలో మీ అమ్మగారు కూడా వస్తారు. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద నిలబడతావా?" ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అది తేలిగ్గా తీసేసే మాట కాదు.

నా భయం వేరే. అది అప్పటిదాకా పైకి అనలేదు. ఆగస్టులో కాలేజీ ఫీజు, నెలకి 752 వాయిదా ఒకేసారి మొదలవుతాయి. ఈ మధ్యలో ఆయన ఉద్యోగానికి ఏదైనా అయితే? మరమ్మతు ఖర్చు ఈ నెల కాకపోతే వచ్చే నెలకి జరపచ్చు. వాయిదా జరగదు. సంపాదించనిదాన్ని కాబట్టి నాకు డబ్బు గురించి మాట్లాడే హక్కు లేదని ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ మనకే లోపల ఒక బెరుకు ఉంటుంది చూడండి, అది నాకూ ఉంది. ఆ రోజు ఆ పుస్తకం ముందు ఉండబట్టి చెప్పగలిగాను. "మీరు మమ్మల్ని రోడ్డు మీద ఊహించుకుని భయపడుతున్నారు. నేను మిమ్మల్ని ఈ వాయిదాల కోసం నచ్చని ఉద్యోగం వదల్లేకుండా ఊహించుకుని భయపడుతున్నాను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకొకళ్ళకి చూపిద్దాం" అన్నారు.

రెండో మెకానిక్ ట్రాన్స్‌మిషన్లు మాత్రమే చేసే పెద్దాయన. నాతో నడిపించి చూశాడు. గేరు జారడం లేదు, వెనక్కి వేస్తే ఆలస్యం లేదు, ఆ వేగంలో వణుకే ఉంది. అప్పుడు ఒక ప్రశ్న వేశాడు. మొదటి చోట ఎవరూ అడగని ప్రశ్న. "ఆయిలు ఎప్పుడు మార్చారు?"

పుస్తకం తీసి చూపించాను. 2019 అక్టోబరు, 104,000 మైళ్ళు. అంటే 63,000 మైళ్ళ కిందట. ఆయన నవ్వి, "తేదీతో సహా చెప్పినవాళ్ళు ఈ ఏడాదిలో మీరే" అన్నాడు. ఆయిలు తీసి చూపించాడు. లేత ఎరుపులో ఉండాల్సింది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కానీ మాడు వాసన లేదు, అందులో లోహపు రజను పెద్దగా లేదు. ఆయిలు ముసలిదైతే లోపల పట్టు సరిగా కుదరక ఇలాంటి వణుకు రావచ్చనీ, కంపెనీ చెప్పిన ఆయిలే వాడి మూడుసార్లు మార్చి చూద్దామనీ, అయితే గ్యారంటీ ఇవ్వననీ చెప్పాడు. ఒకసారి వంపితే సగం కూడా రాదట, మిగతాది లోపలే ఉండిపోతుంది. అందుకే కొన్ని వందల మైళ్ళు తిప్పి మళ్ళీ, మళ్ళీ. ఒక్కోసారికి 170. మూడుసార్లకి 510.

రెండోసారికి వణుకు తగ్గింది. మూడోసారి తర్వాత చాలావరకు పోయింది. చలి ఉదయాల్లో ఎప్పుడైనా ఒకసారి గుర్రుమంటుంది. పూర్తిగా బాగైందని నేను అనను. గేరు నిజంగానే జారుతూ, ఆయిలు మాడు వాసన వస్తుంటే ఈ వైద్యం పనిచేయదని ఆ పెద్దాయనే చెప్పాడు.

కానీ ఇక్కడితో ఆగితే మన సామెత ఉంది కదా, కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ, అలా అవుతుంది. పాత బండితో ఉన్న పెద్ద ప్రమాదం అదే. ఇది చేయించాం కాబట్టి అదీ చేయిద్దాం, ఇంత పెట్టాం కాబట్టి ఇంకొంత పెడదాం అనిపిస్తుంది. అందుకని బండి బాగా నడుస్తున్న ఒక ఆదివారం సాయంత్రం, ఏ ఎస్టిమేటూ చేతిలో లేనప్పుడు, ఇద్దరం కూర్చుని హద్దులు రాసుకున్నాం. బండి ఆగిపోయాక వేసుకునే హద్దులు హద్దులు కావు. పుస్తకం చివరి పేజీలో ఉన్నవి ఇవి.

ట్రాన్స్‌మిషన్ గానీ ఇంజను గానీ పూర్తిగా పోతే బాగు చేయించం. ఫ్రేముకి తుప్పు పడితే ఆ రోజే ఆపేస్తాం. ఏ పన్నెండు నెలల్లోనైనా టైర్లు కాకుండా మరమ్మతులు 2,500 దాటితే అమ్మేస్తాం. ఊరు దాటి వంద మైళ్ళకి మించిన ప్రయాణానికి ఈ బండి వద్దు, మావారి కారో అద్దె వ్యానో. ఇన్సూరెన్సులో టోయింగ్ తప్పకుండా ఉండాలి. చివరిగా, నెలకి 300 డాలర్లు "వ్యాను" అని పేరు పెట్టిన వేరే ఖాతాలో వేయాలి. మరమ్మతు వస్తే అందులోంచే. రాకపోతే అది తర్వాతి బండికి.

ఈ ఆఖరిది నాకు అన్నిటికంటే ఇష్టం. వాయిదా మనం బ్యాంకుకి కాకుండా మనకే కట్టుకుంటున్నాం. మార్చి నుంచి ఆరు నెలలు వేసి 1,800 అయింది. అందులో ఇప్పటిదాకా ఒక వెనక బ్రేకుల పనికి 360 పోయింది. ఒక నెల ఇంట్లో ఇబ్బందైతే 300కి బదులు 100 వేయచ్చు, ఎవరూ ఫోను చేసి అడగరు.

వేసవిలో అమ్మ వచ్చింది. నయాగరాకి అద్దె వ్యానులో వెళ్ళాం, నాలుగు రోజులకి అద్దె కొంచెం ఎక్కువే అనిపించినా మావారు ధైర్యంగా నడిపారు. గుడికీ, ఇండియన్ కొట్టుకీ, చుట్టాలిళ్ళకీ మాత్రం మన పాతదే. అమ్మ మోకాలు ఎత్తకుండా ఎక్కి కూర్చుని, "ఇదే సుఖంగా ఉందే, ఆ కొత్తదానికి మెట్టు ఎత్తు" అంది. ఆగస్టులో అమ్మాయి సామానంతా, దుప్పట్లు, చిన్న ఫ్రిజ్, ఆవకాయ సీసా, ఇదే వ్యానులో వెనక సీట్లు మడిచి కాలేజీలో దింపి వచ్చాం. కాలేజీ తొంభై రెండు మైళ్ళు. హద్దుకి లోపలే.

వెళ్ళే ముందు రోజు అమ్మాయికి బ్యాటరీ గుర్తు ఏదో, ఆయిలు గుర్తు ఏదో, ఏ లైటు వెలిగితే నడపచ్చో, ఏది వెలిగితే ఆపాలో చూపించాను. దాని స్నేహితురాలి కారుందిట, ఎప్పుడైనా నడపాల్సి వస్తుంది. "అమ్మా, ఇవన్నీ నీకెవరు నేర్పారు?" అంది. బండే నేర్పింది అన్నాను. పుస్తకం తిరగేసి చూసి, కొత్త నోటుబుక్కు ఒకటి తన సంచిలో వేసుకుంది. ఏం రాసుకుంటుందో నేను అడగలేదు.

మీ ఇంటి బండికి పద్దు లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. పాత బిల్లులు గ్లవ్ బాక్సులోనే ఉంటాయి, ఒక మధ్యాహ్నం పని. బండి ఉంచుకోవాలో అమ్మాలో ఆ కాగితాలు చెప్తాయి. అవి చెప్పేది మా ఇంటి జవాబే కానక్కర్లేదు. మీ లెక్క అమ్మేయమని చెప్తే బెంగ పెట్టుకోకుండా అమ్మేయండి.